ఇన్ని ఆస్పత్రులున్న రాష్ట్రం ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

మీ ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో అడుగడుగునా పెద్ద ఆస్పత్రులే. విదేశాల నుంచి కూడా వైద్యానికి ఇక్కడికే వస్తున్నారు. అంటే తెలంగాణ ప్రజల ఆరోగ్యం బాగున్నట్టేనా? అసలు ఒక రాష్ట్రం మొత్తం ఆరోగ్యాన్ని ఎలా అంచనా వేస్తారు?"

నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ని, అంటే ఒక్కో రోగినే కాకుండా జనం మొత్తం ఆరోగ్యాన్ని చూసే డాక్టర్ని. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదలుపెట్టి, జిల్లా స్థాయిలో పనిచేసి, తర్వాత మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇప్పుడు నగరంలోని బస్తీల్లో తిరుగుతుంటాను. ఈ ప్రశ్న నాకు చాలా దగ్గరిది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఆస్పత్రుల సంఖ్యను బట్టి రాష్ట్రం ఆరోగ్యం చెప్పలేం. ఆస్పత్రి గడప తొక్కగలిగినవాళ్ళకు ఏం జరుగుతోందో మాత్రమే అది చెబుతుంది. రాష్ట్రం ఆరోగ్యం తెలియాలంటే ఎవరు ఏ వయసులో చనిపోతున్నారు, పిల్లలు వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నారా, జబ్బు ఉన్నట్టు తెలియకుండానే ఎంతమంది తిరుగుతున్నారు అని చూడాలి. ఆ లెక్కన చూస్తే తెలంగాణ గురించి నేను అనుకునేది ఇదీ: కాన్పులో తల్లినీ బిడ్డనూ బతికించుకోవడం మనం బాగా నేర్చుకున్నాం. బతికిన బిడ్డను బలంగా పెంచడం నేర్చుకోలేదు. ఆ లోటే నలభై ఏళ్ళకు బీపీగా, షుగర్‌గా పైకి వస్తోంది. ఈ రెండూ వేర్వేరు సమస్యలని చాలామంది అనుకుంటారు. ఎందుకు కాదో కింద చెబుతాను.

లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయో ముందు తెలుసుకోండి, లేకపోతే వాట్సాప్‌లో వచ్చే ప్రతి అంకెనూ నమ్మాల్సి వస్తుంది. జననాలు, మరణాలకు నమ్మదగినది శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, అంటే ఎస్‌ఆర్‌ఎస్. ఎంపిక చేసిన ఊళ్ళలో, వార్డుల్లో ఒక మనిషి ఏడాది పొడవునా పుట్టుకలూ చావులూ రాసుకుంటాడు. ఆరు నెలలకోసారి వేరే ఉద్యోగి వచ్చి ఇంటింటికీ తిరిగి విడిగా లెక్క తీస్తాడు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ఇంటికి మళ్ళీ వెళ్ళి నిజం తేలుస్తారు. రెండోది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. దాని ఐదో విడత మన దగ్గర 2019 జూన్ చివర మొదలై నవంబర్ దాకా నడిచింది. 31 జిల్లాల్లో 27 వేలకు పైగా ఇళ్ళకు వెళ్ళారు. ఎత్తు, బరువు, బీపీ, షుగర్ చూశారు, వేలి కొన నుంచి రక్తం తీసి హిమోగ్లోబిన్ కొలిచారు. నేను కింద ఇచ్చే అంకెల్లో చాలావరకు ఈ రెండింటివే.

ఈ రెండు లెక్కలూ ఒక్కోసారి కలవవు. ఉదాహరణకు ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు వెయ్యికి 21 మంది అని ఎస్‌ఆర్‌ఎస్ 2020 లెక్క. కుటుంబ సర్వే మాత్రం 26.4 అంటుంది. సర్వే చెప్పేది అంతకుముందు ఐదేళ్ళ సగటు, ఎస్‌ఆర్‌ఎస్ చెప్పేది ఆ ఒక్క ఏడాది సంగతి. మరణాలు తగ్గుతూ వస్తున్నప్పుడు ఐదేళ్ళ సగటు ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. టీవీ చర్చల్లో ఒక పార్టీవాళ్ళు ఒక అంకె, ఇంకో పార్టీవాళ్ళు ఇంకో అంకె పట్టుకుని వాదించుకోవడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

మన దగ్గర అన్నిటికంటే బలహీనంగా ఉన్న లెక్క, మనిషి దేనివల్ల చనిపోయాడన్నది. 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతమే. రాసినచోట కూడా చాలా పత్రాల్లో "గుండె ఆగిపోయింది" అని ఉంటుంది. గుండె ఆగడం మరణమే గానీ మరణానికి కారణం కాదు. ఆ మనిషికి పదేళ్ళుగా షుగర్ ఉందా, కిడ్నీలు పాడయ్యాయా అన్నది ఆ కాగితంలో ఉండదు. మీ ఇంట్లో ఎప్పుడైనా అలాంటి పరిస్థితి వస్తే అసలు జబ్బు పేరు రాయమని డాక్టర్ని అడగండి. దుఃఖంలో ఉన్నప్పుడు అడగడం కష్టమే, నాకు తెలుసు. కానీ ఆ ఒక్క వాక్యం మీదే రేపటి ప్రణాళికలు ఆధారపడతాయి.

ఇక మనం బాగా చేసిన పని గురించి. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014–16 లెక్కలో 81. 2018–20 నాటికి 43. అప్పటి దేశ సగటు 97. ఏటా దాదాపు ఆరు లక్షల కాన్పులు జరిగే రాష్ట్రంలో ఈ తగ్గుదల అంటే, ప్రతి ఏడాదీ రెండు వందలకు పైగా ఇళ్ళలో తల్లి బతికి ఉంది అని అర్థం. శిశు మరణాలు కూడా 2014లో వెయ్యికి 35 ఉంటే 2020కి 21కి దిగాయి. నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2005 ఆగస్టు 15న ఇక్కడే మొదలైన 108, గర్భిణులను ఇంటి నుంచి తీసుకెళ్ళే 102 అమ్మ ఒడి బండ్లు, 2017లో బాలింతలకు ఇవ్వడం మొదలైన కేసీఆర్ కిట్టు, దానితో పాటు విడతలుగా ఇచ్చిన డబ్బు, పల్లెల్లో ఏఎన్‌ఎంలు, ఆశాలు పట్టువదలకుండా చేసిన ఫోన్లు, అన్నీ కలిస్తే వచ్చిన ఫలితం ఇది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రక్తస్రావంతో ట్రాక్టర్ మీద తెచ్చిన బాలింతలను చూశాను. అందుకే ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే కేరళలో అదే కాలంలో తల్లుల మరణాలు 19, శిశు మరణాలు 6. మన దగ్గర ఇంకా చనిపోతున్న తల్లుల్లో చాలామందిని కాపాడవచ్చని అర్థం.

ఈ మంచి వార్తలోనే ఒక చెడు వార్త కలిసిపోయి ఉంది. సిజేరియన్లు. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్ తోనే అవుతున్నాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటులో 81.5 శాతం. దేశ సగటు 21.5. కరీంనగర్ జిల్లాలో అయితే 80 శాతం దాటింది. ఒక ప్రాంతం మొత్తం మీద సిజేరియన్లు పది శాతం దాటాక, వాటి పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైనప్పుడు సిజేరియన్‌ను మించిన వరం లేదు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ప్రతి పదిమందిలో ఆరుగురికి అవసరం పడే శరీరాలు కావు మన ఆడపిల్లలవి.

ఎందుకిలా అయింది అంటే ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు. ముహూర్తం పెట్టించుకుని వచ్చే కుటుంబాలున్నాయి. నొప్పులంటే భయపడి, "పన్నెండు గంటలు ఎందుకు తిప్పలు, కోసెయ్యమనండి" అనే తల్లులున్నారు. రాత్రంతా నొప్పులు పడుతున్న మనిషి పక్కన కూర్చునే తీరిక లేని డాక్టర్లున్నారు. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్నది దాదాపు చట్టంలా మారింది. ఫలితం ఏమిటంటే, తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుని ప్రాణం మీదికి వచ్చే కేసులు పెరుగుతాయి. ఇంకోటి, మత్తులో, నొప్పిలో ఉన్న తల్లి దగ్గరికి బిడ్డను వెంటనే తీసుకెళ్ళరు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు మన రాష్ట్రంలో 37 శాతమే. నూటికి 97 మంది ఆస్పత్రిలో పుడుతున్నచోట ఈ అంకె ఇంత తక్కువగా ఉండటం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీనికి మందులు, మిషన్లు ఏమీ అక్కర్లేదు. ఈ సిజేరియన్ల జోరుకు విరుగుడు 2017లో కరీంనగర్ లోనే మొదలైంది. నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇచ్చి సహజ కాన్పులు చేయించడం. ఆ నర్సులు నొప్పులు పడే మనిషిని నడిపిస్తారు, నడుం రాస్తారు, భయం పోగొడతారు. ఈ పనికి రావాల్సినంత ప్రచారం రాలేదు. ప్రతి పెద్ద ప్రసూతి ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ల సంఖ్యతో సమానంగా వీళ్ళను నింపాలన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 2015–16లో 28 శాతం. 2019లో 33.1 శాతం. తగ్గాల్సింది పెరిగింది. ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్ళు 21.7 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 నుంచి 70 శాతానికి పెరిగారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతానికి రక్తహీనత, మగవాళ్ళలో 15.3. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కూర. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అందరికంటే చివర, మిగిలినది తినే మనిషిని అడగండి.

వేలి కొన రక్తంతో కొలిస్తే రక్తహీనత ఎక్కువగా కనిపిస్తుందని నిపుణుల్లో చర్చ ఉంది. అది నిజమే. సిర నుంచి తీసిన రక్తంతో 2016–18లో చేసిన జాతీయ సర్వేలో, ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో దేశవ్యాప్తంగా 41 శాతం తేలింది. ఆ మేరకు తగ్గించి చూసినా ఇది చిన్న సమస్య కాదు.

రక్తహీనతకు మాత్రలు లేవా అంటే, ఉన్నాయి. ఉచితంగానే ఉన్నాయి. బడి పిల్లల్లో చిన్నవాళ్ళకు గులాబీ రంగు, కౌమారంలో ఉన్నవాళ్ళకు నీలం, గర్భిణులకు ఎరుపు. మా బస్తీల్లో నేను ఇంట్లోకి వెళ్ళి "మాత్రలు చూపించమ్మా" అంటాను. ఎక్కువ ఇళ్ళలో టీవీ స్టాండు మీద, ఫ్రిజ్ మీద స్ట్రిప్పులు అలాగే ఉంటాయి. "వేసుకుంటే వికారంగా అయితది మేడమ్, దొడ్డికి నల్లగ వస్తది" అంటారు. నల్లగా రావడం మామూలే, ప్రమాదం లేదని వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. వేసుకునేవాళ్ళలో కూడా సగం మంది పొద్దున చాయ్‌తో పాటు వేసుకుంటారు. చాయ్‌లో ఉండే పదార్థం ఇనుమును పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. ఇంకో పొరపాటు, గర్భిణులకు ఇచ్చే కాల్షియం మాత్రనూ ఐరన్ మాత్రనూ కలిపి మింగడం. రెండూ కలిస్తే ఐరన్ వృథా. కాల్షియం భోజనంతో, ఐరన్ కనీసం రెండు గంటల తేడాతో, వీలైతే నిమ్మరసంతో వేసుకోవాలి. వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు దొరక్కపోవడమే ఈ పథకం విఫలమయ్యే చోటు. స్టోరు రికార్డులో మాత్రలు "పంపిణీ అయ్యాయి" అని ఉంటుంది, ఒంట్లోకి వెళ్ళాయో లేదో ఏ రికార్డులోనూ ఉండదు.

పిల్లల తిండి సంగతీ ఇంతే. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా చాలా కీలకమైన కాలం. తల్లిపాలు సరిపోవు, పెద్దవాళ్ళ తిండి తినలేరు. ఈ వయసులో తగినంతగా, తగినన్ని రకాలుగా తింటున్న పిల్లలు దేశంలో పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. మన దగ్గర ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి. మంచి తిండి. కానీ ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఆ ప్యాకెట్ ముగ్గురిదీ అవుతుంది, వారంలో అయిపోతుంది. తర్వాత చంటిదానికి పల్చటి పప్పు నీళ్ళ అన్నం, చాయ్‌లో ముంచిన బిస్కెట్. కడుపు నిండినట్టే ఉంటుంది, ఏడవదు. ఎముక, కండ మాత్రం పెరగవు. మెత్తగా మెదిపిన గట్టి పప్పన్నంలో చెంచా నెయ్యో నూనెనో, సగం గుడ్డు, ఆకుకూర. ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు. కానీ పొద్దున ఆరింటికి పనికి వెళ్ళి సాయంత్రం వచ్చే తల్లి బిడ్డకు రోజుకు నాలుగుసార్లు ఎవరు తినిపిస్తారు? పోషకాహారం అంటే ఏం తినాలో చెప్పడం మాత్రమే అనుకునేవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పరు. బస్తీల్లో చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు పెరగకుండా, ఎత్తు ఎదగని పిల్లల లెక్క ఆ 33 శాతం నుంచి దిగుతుందని నేను నమ్మను.

దీనికీ షుగర్‌కూ సంబంధం ఏమిటి అని అడుగుతారు. ఆ సంబంధం మన హైదరాబాద్ పక్క ఊళ్ళలోనే కనిపించింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 మధ్య నగరానికి దగ్గరి 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చారు. మిగతా 14 గ్రామాల్లో అప్పటికి ఆ కార్యక్రమం రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చాక మళ్ళీ వెతికి పట్టుకుని పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ళలో పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. అంతకంటే ముఖ్యం, వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ తిన్న పిడికెడు తిండి పదిహేనేళ్ళ తర్వాత షుగర్ ముప్పును కదిలించింది. పుణెలో జరిగిన పరిశోధనలు ఇంకో సంగతి చెప్పాయి. మన దగ్గర పుట్టే పిల్లలు ఇంగ్లండ్ పిల్లల కంటే దాదాపు ముప్పావు కిలో తక్కువ బరువుతో పుడతారు, కానీ ఒంట్లో కొవ్వు వాళ్ళంతే ఉంటుంది. తగ్గేది కండ. అలాంటి శరీరానికి ముప్పై ఏళ్ళు వచ్చాక కుర్చీ ఉద్యోగం, మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం మిర్చి బజ్జీ అందితే, సన్నగా ఉన్న మనిషికి కూడా షుగర్ వస్తుంది.

అందుకే నేను వీటిని ఒకే గొలుసుగా చూస్తాను. రక్తం లేని అమ్మాయి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేసుకుంటుంది (20–24 ఏళ్ళ వాళ్ళలో ఇలా పెళ్ళయినవాళ్ళు 23.5 శాతం), తక్కువ బరువు బిడ్డను కంటుంది, ఆ బిడ్డ పొట్టిగా పెరుగుతుంది, నగరానికి వచ్చి బరువెక్కుతుంది, నలభైకి మాత్రలు మొదలవుతాయి. రాష్ట్రంలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో 14.7 శాతానికి, మగవాళ్ళలో 18.1 శాతానికి షుగర్ ఎక్కువ ఉంది, లేదా మందులు వాడుతున్నారు. బీపీ అయితే ఆడవాళ్ళలో 26.1, మగవాళ్ళలో 31.4 శాతం. అధిక బరువు ఆడవాళ్ళలో 30.1, మగవాళ్ళలో 32.3. ఇది బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుతో పోల్చి బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 25 దగ్గర గీత గీస్తే వచ్చిన లెక్క. మన ఒళ్ళకు 23 దాటితేనే ముప్పు మొదలవుతుంది.

బీపీ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే రాష్ట్రం ఆరోగ్యాన్ని అన్నిటికంటే తక్కువ ఖర్చుతో మార్చగలిగే చోటు ఇదే. మా బస్తీ దవాఖానాలో బెంచీ మీద ఇళ్ళలో పనిచేసే ఒకావిడ కూర్చుంది. నలభై అయిదుంటాయి. బీపీ 170/100. గోలీలు వేసుకోవట్లేదా అంటే, "వేసుకున్న మేడమ్, తల తిరుగుడు తగ్గిందని బంద్ చేసిన" అంది. బీపీ మాత్రను ఆమె తలనొప్పి మాత్రలా అనుకుంది. ఇందులో ఆమె తప్పు లేదు. మందు ఇచ్చినప్పుడు ఇది రోజూ వేసుకోవాలి, బాగున్నా వేసుకోవాలి అని ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. పైగా మాత్రలు అయిపోయిన రోజు పనికి సెలవు దొరకలేదు. ఇలాంటి మనిషికి ఒకరోజు పక్షవాతం వస్తుంది, లేదా కిడ్నీలు పోతాయి. అప్పుడు ఆరోగ్యశ్రీ కింద లక్షల రూపాయల వైద్యం ఉచితంగా దొరుకుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆ పరిమితి పది లక్షలు. అది ఉండాల్సిందే, ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. కానీ ప్రభుత్వం టోకున కొంటే రూపాయి కూడా పడని అమ్లోడిపిన్ మాత్ర ఆమె ఇంటికి నెలనెలా చేరి ఉంటే ఆ లక్షలు ఖర్చయ్యేవి కావు, అంతకు మించి ఆమె కుడి చెయ్యి ఆమెకు మిగిలేది.

ఇది చేయొచ్చని తెలుసు. 2017 చివర్లో అయిదు రాష్ట్రాల్లో బీపీ అదుపు కార్యక్రమం మొదలైంది, అందులో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకటే మందుల వరస, ముందు ఏది, తగ్గకపోతే తర్వాత ఏది అని కాగితం మీద రాసి ఉంటుంది. నెల మాత్రలు ఒకేసారి ఇస్తారు. రానివాళ్ళకు ఫోన్ చేస్తారు. పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. నర్సు చేయగలిగిన పని నర్సుకే అప్పగించారు, అంతే. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు నగరంలో ఈ పనికి సరిగ్గా సరిపోయే చోట్లు. పొద్దున పనికి వెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రాలు కూడా తెరిచి ఉంచాలని నేను ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉన్నాను.

ఇంకో సంగతి, జబ్బు ఉన్నవాళ్ళను మాత్రమే చూస్తే రాష్ట్రం ఆరోగ్యం మారదు. అందరి సగటూ కొంచెం దిగాలి. మధ్య వయసువాళ్ళలో పై బీపీ అంకె రెండే రెండు పాయింట్లు తగ్గితే, పక్షవాతం మరణాలు పది శాతం దాకా తగ్గుతాయని లక్షలమంది సమాచారంతో లెక్క తేలింది. ఒక్క మనిషికి రెండు పాయింట్లు అంటే ఏమీ కాదు, డాక్టరు పట్టించుకోడు కూడా. నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్న జనాభా మొత్తానికి అంటే వేల ప్రాణాలు. ఆ రెండు పాయింట్లు ఉప్పులో ఉన్నాయి. రోజుకు మనిషికి అయిదు గ్రాములు, అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచా చాలు. మన ఇళ్ళలో చారు, పచ్చడి, అప్పడం, మజ్జిగలో ఉప్పు కలిపితే దానికి దాదాపు రెట్టింపు అవుతుంది. ఆవకాయ మానెయ్యమని నేను చెప్పను, ఎవరూ మానరు. ఆవకాయ వేసుకున్న రోజు మజ్జిగలో ఉప్పు వేసుకోకండి, అన్నం వండేటప్పుడు ఉప్పు వేసే అలవాటుంటే మానండి. హోటళ్ళు, బేకరీలు, ప్యాకెట్ తినుబండారాల్లో ఉప్పు తగ్గించడం మాత్రం ప్రభుత్వమే చేయాలి, అది మన చేతుల్లో లేదు.

డాక్టర్లు చేయలేనిది నీళ్ళు చేస్తాయని నల్గొండలో చూశాం. మర్రిగూడ ప్రాంతంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల తరాలకు తరాలు వంకర కాళ్ళతో, వంగని వెన్నుతో బతికాయి. పళ్ళ మీద గోధుమ రంగు చారలు, ఇరవైల్లోనే ముసలి నడక. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి తీసే మందు ఏ ఆస్పత్రిలోనూ లేదు. 1970లలో పటికతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు, కానీ రోజూ ఇంట్లో పటిక కలుపుకోవడం జనం వల్ల కాలేదు. నది నీళ్ళు పైపుల్లో వచ్చాక పిల్లల్లో కొత్త కేసులు బాగా తగ్గాయి. పెద్దవాళ్ళకు వచ్చిన వంకర మాత్రం అలాగే ఉంది, వాళ్ళ పింఛను, వాళ్ళ నొప్పి మాత్రలు మరిచిపోకూడదు. ఇటు నగరంలో 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్ళు తాగి జనం చనిపోయారు. మంచినీళ్ళ పైపూ మురుగు పైపూ పక్కపక్కన పోయే గల్లీలు ఇప్పటికీ ఉన్నాయి. మీ కుళాయి నీళ్ళు వాసనొస్తే ముందు ఫిర్యాదు చేయండి, ఫిల్టర్ తర్వాత కొనుక్కోవచ్చు.

సగటు అంకెలను చూసి మోసపోకండి. రాష్ట్రం సగటులో జూబ్లీహిల్స్ ఉంది, ఆసిఫాబాద్ గూడేలూ ఉన్నాయి. నగరంలోనే ఒక పెద్ద ఆస్పత్రి గోడకు అవతల ఉన్న బస్తీలో, బీపీ ఎప్పుడూ చూపించుకోని మనిషి దొరకడం నాకు మామూలు సంగతి.

మనం ఆరోగ్యం అనుకోని రెండు విషయాలు కూడా చెప్పాలి. రాష్ట్రంలో ఏటా రోడ్డు ప్రమాదాల్లో ఏడున్నర వేల మంది చనిపోతున్నారు. తల్లుల మరణాలు ఏడాదికి మూడు వందల లోపే అని లెక్కేసుకోండి, ఏది ఎంత పెద్ద సమస్యో తెలుస్తుంది. వీళ్ళలో ఎక్కువమంది సంపాదించే వయసువాళ్ళు. హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్ళకూ కావాలి, సందు చివరి దాకా వెళ్ళినా కావాలి. రెండోది ఆత్మహత్యలు. 2022లో దేశంలో లక్షకు 12.4 మంది అయితే తెలంగాణలో 26.3. రెట్టింపు కంటే ఎక్కువ. అప్పులు, తాగుడు, ఒంటరితనం, చికిత్స అందని డిప్రెషన్, అన్నీ ఉన్నాయి ఇందులో. అత్యంత విషపూరితమైన పురుగు మందులను నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి, మనమూ ఆ దారిలో గట్టిగా వెళ్ళాలి. మీకు గానీ మీ ఇంట్లో ఎవరికైనా గానీ అలాంటి ఆలోచనలు వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీరే స్వయంగా చూసుకోవాలంటే, కుటుంబ ఆరోగ్య సర్వే ప్రతి జిల్లాకూ విడిగా ఫ్యాక్ట్ షీట్ ఇస్తుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో వందకు పైగా వరుసలుంటాయి, అన్నీ చదవక్కర్లేదు. ఐదేళ్ళలోపు పిల్లల ఎత్తు, ఆడవాళ్ళ రక్తహీనత, గంటలోపు తల్లిపాలు, ప్రైవేటులో సిజేరియన్లు, బీపీ, షుగర్ చూడండి. పక్కన పాత విడత అంకె కూడా ఉంటుంది, ఎటు వెళ్తున్నామో అదే చెబుతుంది. హైదరాబాద్ షీటునూ కుమురం భీం ఆసిఫాబాద్ షీటునూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీ ఇంటి విషయానికొస్తే, ముప్పై దాటిన అందరికీ ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించండి. దగ్గరి బస్తీ దవాఖానాలో ఉచితం, రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా పంపిస్తారు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. మీ ఇంట్లో పనికి వచ్చే మనిషికి కూడా చూపించండి, ఆ పూట జీతం కోయకుండా పంపండి. జిల్లా షీటు అర్థం కాకపోతే ఆ అంకెలు ఇక్కడే పెట్టండి, కూర్చుని చూద్దాం.